తొంభై ఎనిమిది గుంటల్లో అత్త వంగనారు

నారు పోసుకునే ప్లాస్టిక్ ట్రేని మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు కలిగిన అనుమానం ఒక్కటే. దీనికి నూరు గుంటలు ఎందుకు లేవు? నాలుగుసార్లు లెక్కపెట్టాను. తొంభై ఎనిమిదే ఉన్నాయి. అడ్డంగా ఏడు, నిలువుగా పద్నాలుగు. నేను బడి మానేసింది ఏడో తరగతిలో, పదమూడో ఎక్కం దగ్గర. పద్నాలుగో ఎక్కంతో నాకేం పనిలే అని ధీమాగా ఉండేవాణ్ణి. ఇరవై ఏళ్ళ తర్వాత అదే ఎక్కం నల్లటి ప్లాస్టిక్ వేషంలో వచ్చి నా ఒళ్ళో కూర్చుంది.

మిగతా రెండు గుంటలు ఏమయ్యాయని నేను అడగని మనిషి లేడు. ట్రేలు ఇచ్చినాయన "చేసినోళ్ళని అడగవయ్యా" అన్నాడు. మా ఆవిడ అయితే "నీలాంటోడెవడో అక్కడ పనికి కుదిరి, చివరి రెండూ ఎగ్గొట్టి ఇంటికెళ్ళుంటాడు బావా" అంది. మా అత్త మాత్రం నేనేది అడిగినా చెప్పే జవాబే చెప్పింది.

"నీకెందుకురా?"

మా అత్తంటే మా నాన్న చెల్లెలు. ఆవిడ కూతుర్నే నాకిచ్చి చేశారు కాబట్టి నన్ను తిట్టడానికి ఆవిడకి రెండు వైపుల నుంచీ హక్కుంది. మామూలు కోపం వస్తే మేనల్లుణ్ణి తిట్టేది: "ఏరా సన్నాసీ!" ముదిరిన కోపం వస్తే అల్లుణ్ణి పలకరించేది: "అల్లుడుగారూ, తమరు కాస్త లేస్తారా?" ఆ 'గారు' చెవిన పడితే నేను చెప్పులు చేత్తో పట్టుకునే వీధిలోకి పోయేవాణ్ణి, వేసుకోవటానికి ఆగకుండా.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. మా ఊరు గుంటూరు జిల్లాలో ఉందో ప్రకాశంలో ఉందో బస్సు కండక్టరుకే అనుమానం వచ్చే సరిహద్దులో ఉంటుంది. చుట్టూ నల్లరేగడి, అందులో మిరప, పత్తి. మా మామ పోయాక ఆయన పొలమంతా ఆయన తమ్ముడే, అంటే మా చినమామే చేసేవాడు. మంచి రైతు, చెడ్డవాడు కాదు. కాకపోతే ఏం వేస్తున్నాడో వదినకి వేశాక చెప్పేవాడు. ఆ పొలం మధ్యలో బోరు పక్కన పాతిక సెంట్లు మాత్రం మా అత్త వదల్లేదు. అందులో ఏం నాటాలో, ఎప్పుడు తడపాలో, ఎప్పుడు కోయాలో ఆవిడ ఎవర్నీ అడిగేది కాదు. ఏటా వానలు తగ్గుముఖం పట్టాక అక్కడ వంగతోట వేసేది. నల్లగా గుండ్రంగా, తొడిమకి ముళ్ళుండే వంకాయ. విత్తనం కూడా ఆవిడదే. పండబెట్టి, పిసికి, బూడిదలో దొర్లించి, పొడుం డబ్బాలో దాచుకునేది. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళో నాలుగు వీధులూ తిరిగి అమ్ముకుని వస్తే ఆవిడ నడకే వేరుగా ఉండేది. ఆ రోజుల్లో నన్ను తిట్టే గొంతు కూడా ఒక మెట్టు పైన పలికేది.

అలాంటిది వరసగా రెండేళ్ళు నారుమడి కుళ్ళిపోయింది. నారుకుళ్ళు ఎలా వస్తుందంటే, మొక్క మెడ దగ్గర సన్నగా నల్లబడుతుంది. పొద్దున నిటారుగా ఉన్న నారు సాయంత్రానికి ఉడకబెట్టిన తోటకూరలా పక్కకి వాలి ఉంటుంది. మూడో ఏడు ఆవిడ డబ్బాలోంచి సగం గింజలే తీసి పెరట్లో మడి పోసింది. వినాయక చవితి వెళ్ళిన మూడో రోజు నుంచి వాన. నాలుగు రోజులు విడవకుండా కురిసింది. ఐదో రోజు పొద్దున మడి దగ్గర ఆవిడా, నేనూ, చినమామా నిలబడి తోటకూర చూశాం.

"వదినా, మూడేళ్ళ నుంచి చూస్తన్నా," అన్నాడు చినమామ. "ఆ పాతిక సెంట్లు నాకిచ్చెయ్. చుట్టూ నా మిరపే గదా. నా మడి మెరకలో ఉంది, నారు బెమ్మాండంగా ఉంది, మిగిలిద్ది కూడా. అందులో వేసేస్తా. నువ్వు కూర్చుని తిను."

"కూర్చుని తినటానికి నాకేం రోగమయ్యా?"

"రోగం నీకు కాదు వదినా, నీ నారుకి."

నాకు నవ్వాగలేదు. నవ్వకుండా ఉండాల్సింది. అత్త నా వైపు ఒకసారి చూసి, ఆయన వైపు తిరిగి, చెయ్యి చాపి చెప్పింది. "అట్లతద్దె నాటికి నా చేలో వంగమొక్క నాటుకుని నిలబడకపోతే నువ్వే వేసుకో. ఇంకెప్పుడూ ఆ గట్టు తొక్కను. చాలా?"

చినమామ చాలన్నాడు. అత్త ఒక మాటంటే దాన్ని ఆవిడే వెనక్కి తీసుకోలేదని ఇద్దరికీ తెలుసు, నాకు ఇంకా బాగా తెలుసు. అట్లతద్దెకి నెల మీద వారం ఉంది. డబ్బాలో సగం గింజలున్నాయి. ఆ రోజు మధ్యాహ్నం ఆవిడ అరుగు మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. ఇక ముందు నా బతుకు ఇదే కాబోలు అన్నట్టు, చాలా నెమ్మదిగా తీస్తోంది.

నేనప్పట్లో అత్త పక్కింట్లోనే ఉంటూ ట్రాలీ ఆటో తోలేవాణ్ణి. మర్నాడే ఎవరివో గోతాలు వేసుకుని ఒంగోలు వైపు పోవాల్సి వచ్చింది. అక్కడ ఒక పొగాకు నర్సరీలో గోతాలు దించుతూ చూశాను. నేల మీద మడి లేదు. బల్లల మీద ట్రేలు, ట్రేల నిండా పొగాకు మొక్కలు, బళ్ళో ప్రార్థనకి నిలబెట్టిన పిల్లల్లా వరసలుగా ఉన్నాయి. వాన కురిసింది మాకే కాదు, అక్కడా కురిసింది. ఒక్క మొక్కా పడుకోలేదు.

"వీటికి నారుకుళ్ళు రాదాండీ?" అని నర్సరీ ఆయన్ని అడిగాను.

"కింద చిల్లుంది చూడు. నీళ్ళు నిలిస్తేగా?"

నేను ట్రే ఎత్తి కింద నుంచి చూశాను. నిజమే, ప్రతి గుంటకీ ఒక చిల్లు. చిల్లులోంచి తెల్లటి వేరు కొస బయటికి తొంగిచూస్తోంది. ఆ వేరు నన్ను చూసి లోపలికి పోతుందేమోనని కాసేపు చూశాను కూడా. ఆయన నన్ను వింతగా చూసి, అంచులు పగిలిన పాత ట్రేలు పన్నెండు మూల పడి ఉంటే తీసుకుపొమ్మన్నాడు. దాంతోపాటు గోధుమరంగు ఇటుక ఒకటి చేతిలో పెట్టాడు. ఇటుకలా గట్టిగా ఉందిగానీ బరువు లేదు.

"కొబ్బరి పొట్టు, నొక్కి చేశారు. మట్టి మాత్రం వేయమాకు. దీన్ని నానబెట్టి..." అంటూ ఆయన చాలాసేపు చెప్పాడు. నేను తల ఊపాను. పాఠం చెప్తున్నంతసేపూ తల ఊపటం ఒక్కటే నేను బళ్ళో పూర్తిగా నేర్చుకున్న విద్య. ఆ సమయంలో నా మనసు ఆ రెండు గుంటల మీద ఉంది.

ఇంటికొచ్చి ట్రేలు దించి, ఇటుక చూపించి, ఇందులో మొక్క పెరుగుతుందట అని చెబితే మా అత్త నవ్వింది. మడి కుళ్ళాక నవ్విన మొదటి నవ్వు.

"కొబ్బరి పీచు తిని మొక్క బతికిద్దంటరా? అంట్లు తోముకునే దానిలో గింజ ఏస్తారా ఎవరన్నా? మన మట్టి చూడు." పిడికెడు నల్లమట్టి తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. "దీంట్లో చెప్పు పాతేసినా చిగురేసిద్ది."

నిజం చెప్పాలంటే నేనూ ఆవిడ మాటే నమ్మాను. మా వైపు మనుషులకి నల్లరేగడంటే అంత గర్వం. ఎర్రనేలల వాళ్ళు కనబడితే పాపం అన్నట్టు చూస్తాం. తాతల నాటి నుంచి మిరపా పత్తీ పండించిన మట్టి చిటికెడు వంగనారుని పెంచలేదా? పొగాకు వాళ్ళకి మంచి మట్టి లేక కొబ్బరి పొట్టుతో సరిపెట్టుకుంటున్నారని నేనే వివరించాను, చాలా తెలిసినవాడిలా.

పాతిక సెంట్లకి మూడడుగులకో మొక్క చొప్పున పన్నెండు ట్రేలూ సరిగ్గా కావాలి. మట్టి జల్లెడ పట్టాం, పశువుల ఎరువు కలిపాం, గుంటలు నింపాం. తర్వాత అసలు తిప్పలు మొదలయ్యాయి. గుంటకి ఒక్క గింజ వేయాలి. మా అత్త పుట్టాక ఎప్పుడూ గింజని విడిగా చూడలేదు, చేత్తో చల్లటమే. వేళ్ళ మధ్య ఒక్క గింజని పట్టుకుని ఆవిడ దానికేసి జాలిగా చూసింది.

"ఒక్కటే ఏస్తే బెంగెట్టుకోదూ?"

"పక్క గుంటలో చుట్టాలున్నార్లే అత్తా."

"చుట్టాలు పక్కింట్లో ఉంటే సరిపోద్దా?" అంది, పక్కింటి చుట్టాన్నయిన నన్నే చూస్తూ.

మా ఆవిడ అయితే చీపురుపుల్ల కొస నాలుక మీద తడిచేసి, గింజకి తాకిస్తే ఒక్కటే అతుక్కునేది. దాన్ని గుంటలో దులిపేది. నిమిషానికో వరస అయిపోయేది. నేను లెక్క రాసే పని తీసుకున్నాను, అంటే ఏ పనీ చేయలేదన్నమాట. అత్త మాకు వీపు తిప్పుకుని తన ట్రేలు తనే నింపుకుంది.

తొమ్మిది ట్రేలు అయ్యేసరికి చినుకులు మొదలయ్యాయి. తడిసిన నల్లమట్టి జల్లెడలో దిగదు, బంకలా పట్టుకుంటుంది. జల్లెడ పట్టిన మట్టి అయిపోయింది. మూడు ట్రేలు ఖాళీగా ఉన్నాయి. అప్పుడు ఆ ఇటుక గుర్తొచ్చింది. సరే, ఏమవుతుందో చూద్దామని గేదె నీళ్ళు తాగే సిమెంటు తొట్టిలో దాన్ని పడేసి నీళ్ళు పోశాను.

ముందు తేలింది. కాసేపటికి పక్కలు పగిలాయి. ఇంకాసేపటికి రొట్టెలా పొంగింది. ఉన్న నీళ్ళన్నీ తాగేసి ఇంకా కావాలన్నట్టు పొడిగా చూసింది. నేను పోశాను. మళ్ళీ తాగింది. మళ్ళీ పోశాను. తొట్టి నిండి అంచు దాటి కిందకి జారడం మొదలెట్టింది.

"బావా, నీకు దండం పెడతా, ఇంక పొయ్యమాకు! ఇల్లు నిండుద్ది!" అని మా ఆవిడ నా చేతిలో బిందె లాక్కుంది. ఇంతలో గేదె వచ్చి తొట్టిలోకి చూసి, తర్వాత నా వంక చూసింది. ఏడో తరగతిలో మా లెక్కల మాష్టారు సరిగ్గా అలాగే చూసేవారు.

మూడు ట్రేలు నింపినా ఆ పొట్టు తరగలేదు. మిగిలింది రెండు సంచులకెత్తి మా ఆవిడ చూరు కింద పెట్టింది. అంట్లు తోమటానికి ఏడాది వస్తుందంది. డబ్బాలో ఉన్న చివరి గింజలు ఆ మూడు ట్రేలకీ సరిపోయాయి. డబ్బా బోర్లించి తడితే బూడిద రాలింది, అంతే. దాచేపల్లి వైపు నుంచి కట్టుబడికి వచ్చిన సిమెంటు సంచులు విప్పి కుట్టి, ట్రేల మీద వాన పడకుండా పెరట్లో పందిరి వేశాం.

ఇక ఎదురుచూడ్డం. అది నాకు చేతకాని పని. మట్టి కింద గింజ ఏం చేస్తోందో తెలియకపోతే నాకు అన్నం సయించదు. కొబ్బరి పొట్టు ట్రేలో మూల గుంట ఒకటి నాదని ప్రకటించుకుని, రోజూ పుల్లతో తవ్వి చూసేవాణ్ణి. మూడో రోజు గింజ లావెక్కింది. ఐదో రోజు ఒక పక్క నుంచి తెల్లటి ముక్కు బయటపెట్టింది. ఆ ముక్కు కిందకి చూస్తోంది. దాన్ని తీసి, తలకిందులు చేసి, ముక్కు ఆకాశం వైపు ఉండేట్టు మళ్ళీ పెట్టాను. మర్నాడు తవ్వితే ఆ ముక్కు వంపు తిరిగి మళ్ళీ కిందకే పోతోంది. దానికి కళ్ళు లేవు, లోపలంతా చీకటి. కిందేదో పైనేదో ఎవరు చెప్పారు? నేను కరెంటు పోతే వంటగదికి దారి తప్పే మనిషిని.

"మళ్ళీ తవ్వుతున్నావా!" అత్త వెనకనుంచి వచ్చి నా జుట్టు పట్టుకుంది. "అది పురిటిగదిరా! ఊరికే తలుపు తీసి చూడమాకు!"

"బిడ్డ అడ్డం తిరిగిందేమో చూస్తన్నా అత్తా."

"అడ్డం తిరిగింది బిడ్డ కాదు, నువ్వు."

కొబ్బరి పొట్టులో గింజలు వారానికి దాదాపు అన్నీ తలెత్తాయి. నల్లమట్టిలో రెండు గుంటలకొకటి. నిదానంగా వస్తాయిలే, బలంగా వస్తాయి అనుకున్నాం. తర్వాత రెండు రోజులు ఎండ కాసింది. మూడో రోజు పొద్దున నల్లమట్టి ట్రే ఒకటి ఎండకి జరుపుదామని ఎత్తితే అది గలగలమంది.

నేను మళ్ళీ ఊపాను. మళ్ళీ గలగల. ప్రతి గుంటలోనూ మట్టి గోడ వదిలేసి, చిక్కబడి, కుంచించుకుని, సీసం గుండులా కూర్చుంది. పైన నీళ్ళు పోస్తే గుండుకీ గోడకీ మధ్య సందులోంచి జారి కింద చిల్లులోంచి పోతున్నాయి. గుండు లోపల పొడి. ఎక్కువ పోస్తే బంకయి చిల్లు మూసుకుపోతోంది. అంటే అందులో మొక్క దాహంతో అయినా చావాలి, మునిగి అయినా చావాలి.

అత్త ఒక గుండు బయటికి తీసి వేళ్ళతో నలిపింది. నలగలేదు. గట్టిగా నొక్కింది. నలగలేదు. ఆవిడ ముఖం చూస్తే నాకు జోక్ వేయాలనిపించలేదు. నాకది కొత్త అనుభవం.

"చేలో ఇదే మట్టి గదరా. నెర్రెలిచ్చినా మొక్క బతికే ఉంటది. ఇక్కడేమైంది దీనికి?"

నేనూ అదే ఆలోచిస్తున్నాను. చేలో పైన నెర్రె పడినా వేరు కిందకి దిగి తడి వెతుక్కుంటుంది. దిగటానికి అక్కడ నిలువెత్తు మట్టి ఉంది. ఇక్కడ ఉన్నది నిమ్మకాయంత. తప్పు మట్టిది కాదు, దాన్ని నిమ్మకాయంత చేసి గిన్నెలో పెట్టిన మాది. అదే చెప్పాను.  నర్సరీ ఆయన 'మట్టి మాత్రం వేయమాకు' అన్నాడని కూడా అప్పుడే చెప్పాను.

"ఇప్పుడా చెప్పేది, అల్లుడుగారూ?" అంది. చెప్పుల కోసం చూశాను. కానీ ఆ గొంతులో కోపం లేదు. అదింకా భయంగా అనిపించింది.

సరిగ్గా అప్పుడే చినమామ వచ్చాడు. ట్రే ఎత్తి ఊపి చూశాడు.

"ఏంది వదినా, చింతపిక్కలాడతన్నారా?"

"అట్లతద్దె రాలేదుగా ఇంకా?" అంది అత్త, తల ఎత్తకుండా.

"రాలేదులే. కానీ నా నారు ముదిరిపోతంది, నీకోసం ఆపా. తేల్చుకుంటే..."

"అట్లతద్దె రాలేదన్నాగా!"

ఆయన పోయాక మా ఆవిడ చూరు కిందకి వెళ్ళి రెండు సంచులూ ఈడ్చుకొచ్చి మా మధ్య పడేసింది. "అంట్లు బూడిదతో తోముకుంటాలే. మొలిచిన కాడికి తీసి దీంట్లోకి మార్చండి," అంది.

అలా చేయొచ్చని నాకు తట్టలేదు. ఎందుకంటే ఆ సీసం గుండులోంచి వెంట్రుకంత వేరుని తెగకుండా తీసే మార్గం నాకు కనపడలేదు. అత్తకి కనపడింది. తొట్టి నిండా నీళ్ళు పట్టించి, ట్రేలు ఒక్కొక్కటీ అందులో ముంచింది. "దీనికి బిగుసుకోటం ఎంత తెలుసో, కరగటం అంతా తెలుసు" అంది. నిజంగానే గంటలో ఆ గుండ్లు నీళ్ళలో జావ అయిపోయాయి. మొక్కలు వేళ్ళతో సహా విడిపోయి తేలాయి. ఆవిడ తొట్టి పక్కన కూర్చుని రెండు వేళ్ళతో ఒక్కొక్కదాన్నీ పైకి తీసి, నాకందించింది.

"మెడ పట్టుకోమాక! ఆకు పట్టుకో. ఆకు తెగితే ఇంకోటి పుట్టిద్ది. మెడ నలిగితే అంతే."

ఏళ్ళ తరబడి మిరపకాయ తొడిమ విరక్కుండా కోసిన వేళ్ళవి. నావి గేరు రాడ్డు పట్టుకునే వేళ్ళు. మొదటి రెండు నా చేతిలో చచ్చాయి. మూడోదానికి ఊపిరి బిగబట్టాను. అప్పుడు గమనించాను, కొన్ని గుంటల్లోంచి రెండేసి మొక్కలు వస్తున్నాయి.

"ఏంటత్తా ఇది? గుంటకొకటి గదా వేసింది?"

"నాకేం తెలుసు? కవలలేమో," అంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. ఆ రోజు మాకు వీపు తిప్పుకుని ఎందుకు నింపిందో మా ఆవిడకీ నాకూ ఒకేసారి అర్థమై ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నాం. ఆ కవలలే మాకు నలభై యాభై మొక్కలు ఎక్కువ తెచ్చిపెట్టాయి.

సాయంత్రానికి తొమ్మిది ట్రేల్లో బతికినవన్నీ ఐదు ట్రేలకి కుదిరాయి. ముందున్న మూడుతో కలిపి ఎనిమిది. నాలుగు ఖాళీ. మళ్ళీ వేయటానికి గింజ లేదు. ఏం చేస్తాం అన్నట్టు ఎవరమూ ఆ ఖాళీ ట్రేల వైపు చూడలేదు.

ఇక అంతా బాగుందనుకునేసరికి మొక్కలు పాలిపోవడం మొదలైంది. రెండాకులు వేసి, మూడో ఆకు దగ్గర ఆగి, పసుపు రాసుకున్నట్టయ్యాయి. కొబ్బరి పొట్టులో కూర్చోటానికి చోటుంది, తినటానికి ఏమీ లేదు. దీనికేం చేయాలో నర్సరీ ఆయన చెప్పే ఉంటాడు, నేను తల ఊపుతున్నప్పుడు. నేను ఒంగోలు వెళ్ళొస్తానని ఆటో తీయబోతే అత్త ఆపింది.

"ఆకలేసిందానికి అన్నం పెట్టటానికి ఒంగోలు పోవాలంట్రా?"

గేదెకి పెట్టే వేరుశనగ చెక్క నానబెట్టి, మూడు రోజులు పులియబెట్టి, పాత పంచెతో వడగట్టి, మజ్జిగ తేట కన్నా పల్చగా నీళ్ళు కలిపి, చేత్తో చిలకరించింది. మాకందరికీ ఆ మూడు రోజులూ పెరట్లోకి వెళ్ళాలంటే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. మొక్కలకి మాత్రం నచ్చింది. వారంలో పచ్చబడ్డాయి. నేను ట్రే ఎత్తి కింద చిల్లులోంచి చూశాను. తెల్లటి వేరు కొస బయటికి తొంగిచూస్తోంది. ఒంగోల్లో చూసినట్టే.

అట్లతద్దెకి ఐదు రోజుల ముందు నాటాం. ట్రే వెనక నుంచి వేలితో నెడితే మొక్క వేళ్ళతో పట్టుకున్న పొట్టుతో సహా, అచ్చులోంచి తీసినట్టు ఊడి వచ్చేది. మా అత్త మొదటిది చేతిలో తిప్పి తిప్పి చూసింది. నారు పీకితే వేళ్ళు తెగుతాయనే ఆవిడకి ఇన్నాళ్ళూ తెలుసు, తెగకుండా రావటం ఇదే చూడ్డం. ఎనిమిది ట్రేలతో మూడింట రెండు వంతులే నిండింది. చినమామ మిరప వైపు సాళ్ళు ఖాళీగా ఉండిపోయాయి.

"ఇవి నాకే గదా వదినా?" అన్నాడు ఆయన గట్టు మీద నుంచి.

"వంగమొక్క నిలబడాలన్నా. చేను నిండాలన్నానా?" అని అడిగి, కొంగుముడి విప్పి గోరుచిక్కుడు గింజలు తీసింది. "దీనికి నారుతో పనేముంది?" అని ఆ ఖాళీ సాళ్ళలో తనే నాటుకుంటూ పోయింది.

కానీ నిలబడటం అనేది మిగిలే ఉంది. నాటిన మర్నాడు ఎండకి మొక్కలన్నీ తలలు వాల్చాయి. రెండో రోజూ అంతే. నాకు మళ్ళీ ఆ తోటకూరే జ్ఞాపకం వచ్చింది. అత్త పొద్దునా సాయంత్రం చెంబుతో ఒక్కో మొక్క మొదట్లో నీళ్ళు పోసింది. మూడో రోజు వచ్చి వాటిని చూసి పోతూ, "ఏమంటన్నాయిరా?" అని నన్నే అడిగింది. నేను నిజంగా తెలీదన్నాను.

అట్లతద్దె రోజు పొద్దున మా ఆవిడ తెల్లారకముందే అన్నం తిని ఉయ్యాలకి పోయింది. నేను ఆటో ఎక్కకుండా చేనికి పోయాను. మంచులో మొక్కలు నిలబడి ఉన్నాయి. అయితే ఎండ ఇంకా రాలేదు, చల్లటి వేళ ఎవరైనా నిలబడతారు. నాకు ఆగలేదు. ఒక మొక్క పక్కన కూర్చుని పుల్లతో నెమ్మదిగా తవ్వడం మొదలెట్టాను.

"నీ చేతులు పడిపోను! మళ్ళీ తవ్వుతున్నావా!"

అత్త గట్టు మీద నుంచి పరుగెత్తుకొచ్చింది. వెనకాలే చినమామ, చూసిపోదామని వచ్చినట్టున్నాడు. నేను చెయ్యి తీసేశాను. గుంటలో గోధుమరంగు పొట్టు గడ్డ కనబడుతోంది. దాని అంచు దాటి తెల్లటి వేళ్ళు, ఒకటి కాదు, ఏడెనిమిది, నల్లమట్టిలోకి దూరి ఉన్నాయి. చుట్టూ మట్టి తడిగా, మెత్తగా, వాటిని పట్టుకుని ఉంది. నేను వేలితో ఒకదాన్ని కదిపాను, రాలేదు.

తిట్టటానికి తెరిచిన నోరు అలాగే ఉంచి అత్త గొంతుక్కూర్చుంది. పక్కన చినమామ కూడా కూర్చున్నాడు. ముగ్గురం తలలు ఆనించుకుని ఆ బెత్తెడు గుంటలోకి చూశాం.

"మన మట్టే గదరా పట్టుకుంది," అంది అత్త మెల్లగా.

"పట్టుకుంది," అన్నాడు చినమామ. లేచి పంచె దులుపుకున్నాడు. "సరే వదినా, నా ముదురు నారు పీకి గేదెకేస్తా. అడిగింది మర్చిపో."

"నేనెందుకు మర్చిపోతా?" అంది ఆవిడ. గొంతు ఒక మెట్టు పైన పలికింది.

ఆయన గట్టెక్కి నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఒరే అల్లుడూ, మొన్న మీ ట్రేకి గుంటలు లెక్కపెట్టా. తొంభై ఎనిమిదొచ్చినయ్. నూరు పెట్టొచ్చుగా, ఎందుకంటావు?"

"నీకెందుకయ్యా?" అని అత్తే జవాబు చెప్పి పంపేసింది.

ఆయన మిరపతోట మలుపు తిరిగిందాకా చూసింది. తర్వాత గుంటలోకి మళ్ళీ ఒకసారి వంగి చూసి, ఆ వేళ్ళ మీద మట్టి తనే కప్పి, అరచేత్తో అదిమింది. ఎండ వచ్చింది. మొక్క తల వాల్చలేదు. మేమిద్దరం అక్కడే కూర్చుని దాన్నే చూస్తున్నాం.

"అవునూ," అంది కాసేపటికి, "ఆ రెండు గుంటలూ ఏమైనట్టురా?"